థైరాయిడ్: వాపును బలుపనుకుంటే

పెళ్లింట్లో పదిమంది ఆడవాళ్లు ఒకచోట కూర్చుంటే అందులో ఒకరైనా "నాకు థైరాయిడ్ ఉంది" అనడం మామూలైపోయింది. మాట వరకు చూస్తే అది విచిత్రమే. థైరాయిడ్ అందరికీ ఉంటుంది. మెడ ముందుభాగంలో శ్వాసనాళాన్ని అంటిపెట్టుకుని ఉండే 15 నుంచి 20 గ్రాముల గ్రంథి అది. వచ్చింది థైరాయిడ్ కాదు, థైరాయిడ్‌లో తేడా. ఆ తేడా ఏమిటన్నది మాత్రం ఆ ఒక్క మాట వెనక దాగిపోతుంది. ఒకామెకు గ్రంథి చేయాల్సినంత పని చేయడం లేదు. ఇంకొకామెకు మితిమీరి చేస్తోంది. మూడో ఆమె సంగతి వేరు: గ్రంథికే దెబ్బ తగిలింది. ఈ నెల హార్మోను ఎక్కువ, మూడు నెలల తర్వాత తక్కువ, ఏడాది తిరిగేసరికి మామూలు. ముగ్గురూ చెప్పేది ఒకటే మాట.

ఈ మూడో కోవను వైద్యులు థైరాయిడైటిస్ అంటారు. తెలుగులో థైరాయిడ్ వాపు అని రాస్తున్నారు కానీ ఆ మాటతో ఒక చిక్కుంది. వాపు అనగానే మనకు ఉబ్బు గుర్తొస్తుంది. థైరాయిడైటిస్‌లో గ్రంథి ఉబ్బవచ్చు, ఉబ్బకపోవచ్చు, ఏళ్లు గడిచాక కుంచించుకుపోనూ వచ్చు. అసలు సంగతి లోపల రోగనిరోధక కణాలు చేరి గ్రంథి కణజాలాన్ని దెబ్బతీయడం. సంస్కృతం నుంచి తెచ్చుకున్న శోథ అనే మాట దీనికి బాగా సరిపోతుంది కానీ, ఆయుర్వేద గ్రంథాల బయట దాన్ని వాడేవారు తక్కువ. కాబట్టి వాపు అనే అనుకుందాం, అర్థం మాత్రం గుర్తుంచుకుందాం.

గట్టు తెగిన చెరువు

శరీరంలో హార్మోన్లు చేసే గ్రంథులు చాలానే ఉన్నా, చేసిన సరుకును ఇంత భారీగా నిల్వ పెట్టుకునేది థైరాయిడ్ ఒక్కటే. సూక్ష్మదర్శినిలో చూస్తే అది చిన్న చిన్న గుండ్రటి గదుల సముదాయం. ఒక్కో గది చుట్టూ ఒక వరస కణాలు, మధ్యలో చిక్కటి జిగురు ద్రవం. ఆ జిగురులో థైరోగ్లోబ్యులిన్ అనే ప్రోటీన్‌కు అతుక్కుని టీ4, టీ3 హార్మోన్లు ఉంటాయి. ఇవాళ ఉత్పత్తి ఆగిపోయినా రెండు మూడు నెలలకు సరిపడా నిల్వ అది. దాన్ని చెరువు అనుకోవచ్చు. ఎగువ నుంచి కాలువ ద్వారా నీరు చేరుతూ ఉంటుంది, తూము ద్వారా అవసరమైనంతే పొలాలకు వదులుతారు. తూము ఎంత ఎత్తాలో చెప్పేది మెదడు అడుగున బఠానీ గింజంత ఉండే పిట్యూటరీ గ్రంథి. అది పంపే కబురే టీఎస్‌హెచ్. పొలాల్లో నీరు తగ్గితే కబురు గట్టిగా వస్తుంది, ఎక్కువైతే ఆగిపోతుంది.

వాపు వచ్చినప్పుడు జరిగేది గట్టు తెగడం. గదుల గోడలు చెదిరి, నెలల తరబడి దాచిన హార్మోను అదుపు లేకుండా రక్తంలోకి వచ్చేస్తుంది. గుండె దడ, చేతుల వణుకు, చెమట, నిద్ర పట్టకపోవడం, తిన్నా బరువు తగ్గడం. రక్త పరీక్షలో టీ4 ఎక్కువ, టీఎస్‌హెచ్ దాదాపు సున్నా. కొన్ని వారాలకు చెరువు ఖాళీ అవుతుంది. గట్టు ఇంకా పూడలేదు, కొత్త నీరు నిలవదు. అప్పుడు కరువు మొదలవుతుంది: ఒళ్లు బరువు, మలబద్ధకం, చలికి తట్టుకోలేకపోవడం, మతిమరుపు, టీఎస్‌హెచ్ చుక్కలనంటడం. ఆ తర్వాత గట్టు పూడితే గ్రంథి మళ్లీ కుదుటపడుతుంది, లేకపోతే కరువు శాశ్వతమవుతుంది.

హార్మోను ఎక్కువగా కనిపించే మొదటి దశలోనే అసలు పొరపాటు జరుగుతుంది. రిపోర్టు చూస్తే గ్రంథి విజృంభించి పనిచేస్తున్నట్టు ఉంటుంది. నిజానికి అది పని చేయడం మానేసింది, కూడబెట్టింది కారిపోతోంది. వాపును చూసి బలుపనుకోవడమంటే అక్షరాలా ఇదే. గ్రేవ్స్ వ్యాధిలో గ్రంథి నిజంగానే మితిమీరి హార్మోను తయారుచేస్తుంది. దానికి ఇచ్చే కార్బిమజోల్ మాత్ర కొత్త హార్మోను తయారీని ఆపుతుంది, అంటే ఎగువ కాలువకు అడ్డం వేస్తుంది. గట్టు తెగిన చెరువుకు ఎగువ కాలువ మూసి ప్రయోజనం లేదు. పారిపోతున్న నీరు ఎలాగూ పారిపోతుంది, రాబోయే కరువు మరింత ముదురుతుంది. పైగా ఆ మందుకు అరుదుగా తెల్ల రక్తకణాలను పడగొట్టే గుణం ఉంది. అవసరమైన చోట ఆ ప్రమాదాన్ని భరించాలి, అవసరం లేని చోట ఎందుకు భరించాలి?

కాన్పు తర్వాత ఏడాది

ఈ ఎగుడుదిగుడు అన్నిటికంటే స్పష్టంగా కనిపించేది బాలింతల్లో. కాన్పు తర్వాత ఏడాదిలోపు నూటికి సుమారు అయిదుగురికి థైరాయిడ్ వాపు వస్తుందని అంచనా. మొదటి రకం మధుమేహం ఉన్నవారిలో ఈ సంఖ్య మూడు నాలుగు రెట్లు. గర్భం తొలి నెలల్లోనే టీపీవో యాంటీబాడీలు (థైరాయిడ్‌లోని ఒక ఎంజైమ్‌కు వ్యతిరేకంగా శరీరమే తయారుచేసే ప్రోటీన్లు) కనిపించినవారిలో మూడో వంతు నుంచి సగం మందికి వచ్చే అవకాశం ఉంది. కారణం ఊహించదగ్గదే. కడుపులోని బిడ్డలో సగం తండ్రి అంశ. తల్లి శరీరం దాన్ని పరాయిదిగా చూడకుండా తొమ్మిది నెలలూ రోగనిరోధక వ్యవస్థ కొంత తగ్గి ఉంటుంది. కాన్పు కాగానే తిరిగి పుంజుకుంటుంది, ఆ ఊపులో థైరాయిడ్ మీద పడుతుంది.

ఒక బాలింత రిపోర్టులు ఇలా ఉన్నాయనుకుందాం. మూడో నెలలో ఫ్రీ టీ4 (ప్రోటీన్‌కు అతుక్కోకుండా రక్తంలో విడిగా తిరిగే టీ4) 2.4, అంటే ఎక్కువ, టీఎస్‌హెచ్ 0.02. ఆమె ఇంకా పుట్టింట్లోనే ఉంది. దడగా ఉందంటే రక్తం తక్కువై ఉంటుందని, చెమటలంటే పథ్యం వేడి అని, నిద్ర లేదంటే పసిబిడ్డ ఉన్న ఇంట్లో నిద్ర ఎక్కడిదని అంటారు. ఒక్కోటీ నమ్మదగ్గ కారణమే. అందుకే ఈ దశ చాలామందిలో ఎవరి కంటా పడకుండా దాటిపోతుంది. అయిదో నెలలో ఫ్రీ టీ4 0.7, టీఎస్‌హెచ్ 0.1. రెండూ తక్కువ. ఈ రిపోర్టు ఒక్కటే చేతికొస్తే పిట్యూటరీలో తేడా ఉందేమోనన్న అనుమానం రావడం సహజం. టీ4 పడిపోయినా కబురు పంపాల్సిన పిట్యూటరీ ఎందుకు మౌనంగా ఉంది? జవాబు మూడో నెల రిపోర్టులో ఉంది. వారాల తరబడి హార్మోను ముంపులో ఉండి మొద్దుబారిన పిట్యూటరీ తేరుకోవడానికి మరికొన్ని వారాలు పడుతుంది. ఏడో నెలలో ఫ్రీ టీ4 0.5, టీఎస్‌హెచ్ 32. ఇప్పుడు కబురు గట్టిగానే వస్తోంది, పంపడానికి చెరువులో నీళ్లే లేవు. పన్నెండో నెలలో టీఎస్‌హెచ్ 3.1, అంటే మామూలే.

ఇవి నాలుగు వేర్వేరు రిపోర్టులుగా నలుగురు వైద్యుల ముందుకు వెళితే నాలుగు వేర్వేరు జబ్బులు. ఒకే కాగితం మీద తేదీలతో పక్కపక్కన రాస్తే ఒకే కథ, అదీ చాలావరకు దానంతట అదే సర్దుకునే కథ. థైరాయిడ్ వాపుతో బతికేవారికి జరిగే నష్టంలో చాలా భాగం జబ్బు వల్ల కాదు, ఒక్క రిపోర్టు పట్టుకుని తొందరపడటం వల్ల జరుగుతుంది.

ఏడో నెలలో ఆమెకు మందు అవసరమే. టీఎస్‌హెచ్ 10 దాటి, నీరసం కూడా ఉన్నప్పుడు లెవోథైరాక్సిన్ (టీ4నే మాత్రగా, వాడుకలో థైరాక్సిన్) ఇస్తారు. పాలిచ్చే తల్లికి అది నిరపాయకరం. మనసు దిగులుగా, బిడ్డను ఎత్తుకోవాలని కూడా అనిపించనంత నిర్లిప్తంగా ఉంటే దాన్ని బాలింత దిగులని కొట్టిపారేయకుండా ఒకసారి టీఎస్‌హెచ్ చూడటం మంచిది. అలాగని థైరాయిడ్ రిపోర్టు మామూలుగా ఉన్నంత మాత్రాన ఆ దిగులు తేలికైనదని కాదు, దాని వైద్యం దానిది. జుట్టు రాలడం మాత్రం మూడు నాలుగు నెలల బాలింతల్లో థైరాయిడ్‌తో సంబంధం లేకుండానే చాలామందికి ఉంటుంది. ఆ ఒక్కదాన్ని బట్టి పరీక్షకు పరుగెత్తనక్కర్లేదు.

మూడో నెలలో దొరికితే మాత్రం గ్రేవ్స్ వ్యాధి కాదని తేల్చుకోవాలి, అదీ కాన్పు తర్వాత మొదలవ్వచ్చు. గ్రేవ్స్‌లో టీఎస్‌హెచ్ గ్రాహకాల మీద పనిచేసే యాంటీబాడీలు రక్తంలో కనిపిస్తాయి, కళ్లు ముందుకు పొడుచుకు రావచ్చు, టీ4 కంటే టీ3 ఎక్కువ నిష్పత్తిలో పెరుగుతుంది. గట్టు తెగినప్పుడు నిల్వ ఉన్నదే బయటికి వస్తుంది కాబట్టి టీ4దే పైచేయి. ఇంకా సందేహముంటే టెక్నీషియం అనే కొద్దిపాటి రేడియోధార్మిక పదార్థం ఎక్కించి తీసే స్కాన్. గ్రేవ్స్ గ్రంథి ఆ పదార్థాన్ని ఆత్రంగా పీల్చుకుని బొమ్మలో వెలిగిపోతుంది. వాచిన గ్రంథి పీల్చుకోదు, మెడ దగ్గర బొమ్మ దాదాపు ఖాళీగా ఉంటుంది. పాలిచ్చే తల్లి ఈ స్కాన్‌కు ముందే ఆ సంగతి చెప్పాలి, కొన్ని గంటలపాటు పాలు పిండి పారబోయాల్సి వస్తుంది. వాపు అని తేలితే దడకూ వణుకుకూ ప్రొప్రనలాల్ లాంటి మందు కొన్నాళ్లు వాడితే చాలు. ఆస్తమా ఉన్నవారికి అది పడదు.

మెడ నొప్పితో వచ్చేది

నొప్పి లేకుండా వచ్చే వాపుల మధ్య, నొప్పితో వచ్చేది ఒకటుంది. స్విట్జర్లాండ్ శస్త్రవైద్యుడు ఫ్రిట్జ్ డి కెర్వాన్ 1904లో దీన్ని వివరించాడు, ఇప్పటికీ ఆయన పేరుతోనే పిలుస్తారు. జలుబో వైరల్ జ్వరమో తగ్గిన కొన్ని వారాలకు మెడ ముందుభాగం ముట్టుకోనివ్వనంత నొప్పి, మింగితే నొప్పి, అది చెవిదాకా పాకడం. ఒకవైపు మొదలై రెండో వైపుకు జరగడం దీని ప్రత్యేకత. గొంతు ఇన్ఫెక్షన్ అని యాంటీబయాటిక్స్ ఒక కోర్సు, పంటి నొప్పి అని దంత వైద్యుడి దగ్గరకు ఒక ప్రయాణం అయ్యాకే చాలామందికి అసలు సంగతి తెలుస్తుంది. ఒంట్లో వాపును సూచించే రక్త పరీక్ష ఈఎస్‌ఆర్ బాగా పెరిగి ఉండటం పెద్ద ఆనవాలు. నొప్పి మాత్రలతో తగ్గకపోతే ప్రెడ్నిసలోన్ అనే స్టెరాయిడ్ ఇస్తారు, ఒకటి రెండు రోజుల్లోనే హాయి తెలుస్తుంది. హార్మోన్ల ఎగుడుదిగుడు ఇందులోనూ అదే వరసలో నడుస్తుంది, చివరికి ఎక్కువమంది పూర్తిగా కోలుకుంటారు.

మందుల వల్ల వచ్చే వాపూ ఉంది. గుండె లయ సరిచేసే అమియోడరోన్ 200 మిల్లీగ్రాముల మాత్రలో 75 మిల్లీగ్రాముల అయోడిన్ ఉంటుంది. మనిషికి రోజుకు కావలసింది 150 మైక్రోగ్రాములే. మానసిక వైద్యంలో వాడే లిథియం, క్యాన్సర్‌కు ఇచ్చే కొత్త తరం ఇమ్యునోథెరపీ మందులు కూడా ఈ జాబితాలోవే.

హషిమోటో: నిదానంగా తరిగేది

మన దగ్గర ఎక్కువమందిని పట్టి ఉన్నది హషిమోటో వాపు. జపాన్‌లోని ఫుకువోకాలో పనిచేస్తున్న యువ శస్త్రవైద్యుడు హకారు హషిమోటో నలుగురు స్త్రీలకు శస్త్రచికిత్స చేసి తీసిన థైరాయిడ్ గ్రంథులను పరిశీలించి, గ్రంథి నిండా లింఫోసైట్లనే రోగనిరోధక కణాలు కిక్కిరిసి ఉండటం గమనించాడు. 1912లో ఒక జర్మన్ పత్రికలో వ్యాసం ప్రచురించాడు. దాన్ని ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. ఆయన సొంతూరు తిరిగి వెళ్లి వైద్యం చేసుకుంటూ 1934లో టైఫాయిడ్‌తో చనిపోయాడు. ఆ కణాలు అక్కడ ఎందుకు చేరాయన్న ప్రశ్నకు 1956లో జవాబు దొరికింది. లండన్‌లో డెబొరా డొనియాక్, ఐవన్ రాయిట్ బృందం హషిమోటో రోగుల రక్తంలో సొంత థైరోగ్లోబ్యులిన్ మీదే దాడి చేసే యాంటీబాడీలు ఉన్నట్టు చూపింది. అదే ఏడాది అమెరికాలోని బఫెలోలో నోయెల్ రోజ్, ఎర్నెస్ట్ విటెబ్‌స్కీ కుందేళ్లలో ఇలాంటి వాపును తెప్పించగలిగారు. శరీరం తన మీద తాను తిరగబడదన్న అప్పటి నమ్మకం దాంతో పోయింది.

హైదరాబాదు సహా ఎనిమిది భారతీయ నగరాల్లో 5 వేలకు పైగా పెద్దలను పరీక్షించి 2013లో ప్రచురించిన అధ్యయనంలో సుమారు 11 శాతం మందికి థైరాయిడ్ హార్మోను తక్కువగా ఉన్నట్టు తేలింది. అంతకంటే ఆలోచింపజేసే అంకె మరొకటుంది: దాదాపు 22 శాతం మందిలో టీపీవో యాంటీబాడీలు ఉన్నాయి. అంటే యాంటీబాడీలు కనిపించినవారిలో చాలామందికి హార్మోను కొరత ఇంకా రాలేదు. కొందరికి ఎప్పటికీ రాకపోవచ్చు.

యాంటీబాడీల సంఖ్య చుట్టూ పెద్ద వ్యాపారమే నడుస్తోంది. 600 ఉన్నది 300కు దింపుతామని పొడులు, సెలీనియం గుళికలు, ఆహార ప్రణాళికలు అమ్ముతారు. ఆ సంఖ్య ఒక్కసారి తెలిస్తే చాలు, వాపుకు కారణం ఏమిటో అది చెప్పేసింది. మందు మోతాదును నిర్ణయించేది టీఎస్‌హెచ్, ఆ సంఖ్య కాదు. సెలీనియంతో యాంటీబాడీలు కొంత తగ్గినట్టు పరిశోధనలు చూపాయి కానీ, దానివల్ల మాత్ర అవసరం తప్పిందనో నీరసం పోయిందనో నమ్మకంగా చెప్పే ఆధారం లేదు. నెలనెలా ఆ పరీక్షకు పెట్టే డబ్బు దండగ.

హషిమోటోలోనూ తొలిరోజుల్లో గట్టు తెగి కొన్ని వారాలు హార్మోను ముంచెత్తవచ్చు. ఇంకా అరుదుగా, గ్రంథిని ఉసిగొల్పే యాంటీబాడీలు ఒకప్పుడు, అడ్డుకునే యాంటీబాడీలు ఇంకొకప్పుడు పైచేయి సాధించి, ఒకే మనిషి ఎక్కువ నుంచి తక్కువకు, తక్కువ నుంచి ఎక్కువకు మారుతుంటారు. ఎక్కువమందిలో మాత్రం నడక నిదానం. చెరువు ఏటికేడు పూడుకుపోతుంది. అలాంటివారిలో నెలనెలా టీఎస్‌హెచ్ ఊగుతుంటే తప్పు గ్రంథిలో ఉండే అవకాశం తక్కువ. ముందు వెతకాల్సిన చోట్లు ఇంట్లోనే ఉన్నాయి.

పొద్దున్నే కాఫీ, మాత్రల సీసా

తెలుగిళ్లలో రోజు కాఫీతో మొదలవుతుంది. థైరాక్సిన్ మాత్ర పరగడుపున, నీళ్లతో వేసుకోవాలి. ఆ తర్వాత అరగంట నుంచి గంట వరకు కాఫీ అయినా ఇడ్లీ అయినా ఆగాలి. అయిదున్నరకు మాత్ర, అయిదు ముప్పై అయిదుకు కాఫీ అయితే మాత్రలో కొంత భాగం రక్తంలోకి చేరదు. రోజూ ఒకేలా అలా వేసుకుంటే మోతాదు ఆ అలవాటుకు తగ్గట్టు సర్దుకుంటుంది, అదీ ఒక విధమైన స్థిరత్వమే. అసలు ఇబ్బంది సోమవారం గంట ఆగి, ఆదివారం కాఫీతో పాటే వేసుకునేవారికి. క్యాల్షియం, ఐరన్ మాత్రలకు నాలుగు గంటల ఎడం ఉండాలి. మోకాళ్ల నొప్పులకని క్యాల్షియం మొదలుపెట్టిన ఆరు నెలలకు టీఎస్‌హెచ్ ఎందుకు పెరిగిందో అర్థం కాక మోతాదు పెంచుకుంటూ పోయేవారు ఉంటారు. గ్యాస్ కోసం ఏళ్ల తరబడి వాడే మాత్రలు కూడా దీని శోషణను తగ్గిస్తాయి. పొద్దున ఈ నియమం కుదరనివారు రాత్రి పడుకునే ముందు, భోజనమై మూడు గంటలు దాటాక వేసుకోవచ్చు. రంజాన్ ఉపవాసాల్లో ఈ వీలు బాగా పనికొస్తుంది.

ఆ సీసా ఎక్కడుందో కూడా చూడాలి. వేడి, తేమ, వెలుతురు మూడూ థైరాక్సిన్‌ను చెడగొడతాయి. గుర్తుంటుందని పొయ్యి పక్కన అరలో పెట్టిన నూరు మాత్రల సీసా, మే నెల ఎండల్లో మూత సరిగా పెట్టకపోతే, చివరికొచ్చేసరికి మొదట్లో ఉన్నంత శక్తితో ఉండదు. దుకాణంలో ఒక కంపెనీ మాత్ర లేదని ఇంకొకటి ఇచ్చినప్పుడు మోతాదు అంకె ఒకటే అయినా శోషణలో చిన్న తేడా ఉండవచ్చు. వీలైనంతవరకు ఒకే కంపెనీది వాడటం, మారితే ఆ తేదీ రాసుకోవడం మేలు.

పరీక్షకూ కొన్ని మెలికలున్నాయి. టీఎస్‌హెచ్ అర్ధరాత్రి దాటే వేళకు గరిష్ఠంగా ఉండి, మధ్యాహ్నానికి తగ్గుతుంది. ఒకసారి ఇంటికొచ్చి పొద్దున ఆరింటికి రక్తం తీసుకెళ్లి, మరోసారి భోజనమయ్యాక ల్యాబుకు వెళ్లి ఇస్తే, గ్రంథిలో ఏ మార్పూ లేకుండానే 5.2 కాస్తా 3.6 కావచ్చు. రక్తం ఇచ్చాకే ఆ రోజు మాత్ర వేసుకోవాలి, లేకపోతే ఫ్రీ టీ4 కొంచెం ఎక్కువగా కనిపిస్తుంది. జుట్టుకు, గోళ్లకు వాడే మాత్రల్లోని బయోటిన్ కొన్ని రకాల పరీక్షా యంత్రాలను తప్పుదారి పట్టిస్తుంది: టీఎస్‌హెచ్ తక్కువ, టీ4 ఎక్కువ అని చూపిస్తుంది. అంటే గట్టు తెగినప్పటి రిపోర్టుకు నకలు. థైరాయిడ్ వల్లే జుట్టు రాలుతోందని బయోటిన్ వేసుకుని, ఆ బయోటిన్ వల్లే థైరాయిడ్ రిపోర్టు తప్పుగా రావడం ఈ జబ్బు చుట్టూ తిరిగే చిత్రాల్లో ఒకటి. పరీక్షకు కనీసం రెండు రోజుల ముందు దాన్ని ఆపాలి.

థైరాక్సిన్ అర్ధాయువు, అంటే రక్తంలో సగానికి తగ్గేందుకు పట్టే కాలం, ఏడు రోజులు. మోతాదు మార్చాక రక్తంలో కొత్త స్థాయి స్థిరపడటానికి అయిదారు వారాలు పడుతుంది. అందుకే ఆరు నుంచి ఎనిమిది వారాలకు ముందు మళ్లీ పరీక్ష చేయించడం, దాన్ని బట్టి మళ్లీ మోతాదు మార్చడం ఊయలను మరింత ఊపడమే. ఇదే కారణంగా ఒక రోజు మాత్ర మరచిపోతే కంగారు పడాల్సిందీ లేదు.

బ్రిటన్‌లో, ఆస్ట్రేలియాలో ఉన్న పిల్లల దగ్గరకు వెళ్లే తల్లిదండ్రులకు మరో తికమక ఎదురవుతుంది. ఇక్కడ 1.2 అని ఉన్న ఫ్రీ టీ4 అక్కడ 15.4 అవుతుంది. హార్మోను పెరగలేదు, కొలమానం మారింది. ఇక్కడివి నానోగ్రాములు, అక్కడివి పికోమోల్స్, 12.87తో గుణిస్తే సరిపోతుంది. టీఎస్‌హెచ్ అంకె రెండు చోట్లా ఒకటే.

గీత దాటిన అంకె

రిపోర్టులో మామూలు హద్దు దాటిందని నల్లటి ముద్రణలో కనిపించే టీఎస్‌హెచ్ 5.8 చాలామందిని ఏళ్ల తరబడి మాత్రలకు కట్టిపడేస్తోంది. టీఎస్‌హెచ్ పెరిగే తీరు తెలిస్తే ఆ భయం కొంత తగ్గుతుంది. ఫ్రీ టీ4 సగానికి పడిపోతే టీఎస్‌హెచ్ రెండింతలు కాదు, వంద రెట్ల దాకా ఎగబాకగలదు. అంత సున్నితమైన కబురు 3 నుంచి 5.8కి చేరిందంటే పొలంలో నీరు కొద్దిగానే తగ్గినట్టు. టీ4 మామూలుగా ఉండి టీఎస్‌హెచ్ 10 లోపు ఉంటే, రెండు మూడు నెలలు ఆగి మళ్లీ చూడటం చాలామందికి సరైన వైద్యం. ఆ రెండో పరీక్షలో మామూలుగా వచ్చేవారు తక్కువేమీ కాదు. వయసుతో పాటు టీఎస్‌హెచ్ కొంత పెరగడం సహజం కూడా. 65 ఏళ్లు దాటి ఇలా స్వల్పంగా పెరిగిన 737 మందిపై జరిపి 2017లో ప్రచురించిన యూరప్ పరిశోధనలో థైరాక్సిన్ వేసుకున్నవారికీ ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవారికీ నీరసం విషయంలో తేడా కనబడలేదు. మోతాదు మించితే మాత్రం నష్టం ఖాయం: పెద్దవయసులో గుండె లయ తప్పడం, ఎముకలు గుల్లబారడం.

నీరసమంతా థైరాయిడ్ ఖాతాలో వేయడం కూడా ఒక అలవాటైపోయింది. టీఎస్‌హెచ్ 2 దగ్గర నిలకడగా ఉన్నా ఒళ్లు కదలడం లేదంటే హిమోగ్లోబిన్, బీ12, చక్కెర, నిద్ర చూడాలి. హషిమోటో ఉన్నవారిలో బీ12 శోషణ దెబ్బతిని వచ్చే రక్తహీనత, మొదటి రకం మధుమేహం, బొల్లి మిగతావారిలో కంటే ఎక్కువ. శాకాహారులకు బీ12 కొరత ఎలాగూ పక్కనే పొంచి ఉంటుంది.

తిండి విషయంలో చెప్పుకోవాల్సింది అనుకున్నంత లేదు. క్యాబేజీ, కాలీఫ్లవర్ వండుకుని తింటే ఏమీ కాదు. సజ్జల్లో థైరాయిడ్‌ను అడ్డుకునే పదార్థాలు ఉన్న మాట నిజమే కానీ, అది గాయిటర్‌గా, అంటే గ్రంథి ఉబ్బుగా, బయటపడింది అయోడిన్ కొరత ఉండి మూడు పూటలా సజ్జలే తినే సూడాన్ పల్లెల్లో. వారానికి రెండు సజ్జ రొట్టెలకు ఆ భయం అక్కర్లేదు. అయోడిన్ ఉప్పు మానేసి గులాబీ రంగు రాతి ఉప్పుకు మారడం మాత్రం తెలివైన పని కాదు, ముఖ్యంగా పిల్లలు కావాలనుకునే ఇంట్లో. సముద్రపు నాచు గుళికలు అసలే వద్దు, అయోడిన్ మితిమీరినా వాపు రేగుతుంది.

ఏడో నెలలో మాత్ర మొదలుపెట్టిన ఆ బాలింత విషయానికి వస్తే, పన్నెండో నెల నాటి 3.1 మాత్ర వేసుకుంటుండగా వచ్చిన అంకె. గ్రంథి కోలుకుందో లేదో అది చెప్పదు. మళ్లీ గర్భం కోసం ప్రయత్నించడం లేదనుకుంటే, వైద్యుడు మోతాదును సగం చేసి ఆరు వారాలకు ఒకసారి, పూర్తిగా ఆపి ఆరు వారాలకు ఇంకోసారి టీఎస్‌హెచ్ చూస్తారు. నిలబడితే గట్టు పూడినట్టు. పెరిగితే మాత్ర కొనసాగుతుంది. ప్రయత్నిస్తుంటే ఇప్పుడు ఆపరు. గర్భం నిలిచినట్టు తెలిసిన వారంలోనే మోతాదు పావు వంతు, ఒక్కోసారి ఇంకాస్త పెంచాల్సి రావచ్చు, తొలి మూడు నెలలు బిడ్డ మెదడు తల్లి హార్మోను మీదే ఆధారపడుతుంది కాబట్టి. ఆ కాన్పు తర్వాత కూడా వాపు తిరగబెట్టే అవకాశం ఎక్కువ. మూడో నెల నుంచి దడ మొదలైతే ఈసారి పథ్యాన్ని అనుమానించే ముందు పాత రిపోర్టుల ఫైలు తీయాలి.